అలోన్ అంటే ఏటప్పా?

లాగ్ 118. తూర్పుగాలి.

తెల్లారగానే దొరసాని అడిగింది. "హూ ఈజ్ హియర్?"

"అయామ్ హియర్," అన్నాను.

"ఆర్ యూ అలోన్?"

"యస్."

"నోటెడ్," అని ఒక మనిషికి సరిపడా నీళ్ళు వదిలింది.

ఈ లాగ్ చదివే ఒడ్డు ఆఫీసు వాళ్ళకు మా పిలుపులు తెలియకపోవచ్చు. సముద్రంలో గాలిమర రెక్కలు మోసే గాలికంబమే మా ఇల్లు; దాని లోపల ఉండే యంత్రాన్ని మేం దొరసాని అంటాం. దీపం, నీళ్ళు, తలుపులు, పడవని పిలవడం, అన్నీ ఆవిడ చేతిలోనే. మా తాతలకు తెలుగు తప్ప రాదు, ఆవిడకు ఇంగ్లీషు తప్ప రాదు. అలా పడిన పేరు.

పొద్దున సముద్రపు నీళ్ళు వడకట్టే ఉప్పు పళ్ళెం గీకాను. రెక్కల గొలుసుకు నూనె పెట్టాను. తర్వాత మాట రాయడానికి కూర్చున్నాను. ఇవాళ్టి మాట డస్ట్.

నా ఉద్యోగం ఇదే. కంబాల మీద పుట్టిన పిల్లలకు రోజూ వాడే ఇంగ్లీషు మాటల అర్థాలు చిన్న చిన్న తెలుగు వాక్యాల్లో రాసి, సాయంత్రం కంబాలన్నిటినీ కలిపే రేడియో లైను మీద చదివి వినిపించాలి. పిల్లలు చూడని వస్తువు అర్థంలో ఉండకూడదు. ఒడ్డు పుస్తకంలో 'ఎండిన నేల నుంచి లేచే పొడి' అని ఉంది. నా పిల్లల్లో ఎండిన నేల చూసినవాళ్ళు ఎవరూ లేరు. కొట్టేసి ఇలా రాశాను: 'డస్ట్ అంటే ఉప్పుపొడి కన్నా మెత్తగా, చప్పగా ఉండే పొడి. గాలికి లేస్తుంది. ఎన్నిసార్లు తుడిచినా మళ్ళీ వస్తుంది.'

వర్షాల కాలం కదా, పిల్లల్లో చాలామందికి లైను అందడం లేదు. ముత్యాలు మాత్రం తప్పకుండా వస్తుంది. ఎనిమిదేళ్ళది. పదిహేడో కంబంలో తండ్రి దానయ్యతో ఉంటుంది. తల్లి లేదు. నేనా పిల్లను ఎప్పుడూ చూడలేదు. చీకటి పడితే నా పడమటి కిటికీలోంచి పదిహేడో కంబం దీపం చుక్కలా కనబడుతుంది. నాకు ముత్యాలు అంటే ఒక గొంతు, ఒక చుక్క.

"సప్పగుంటే దాన్నేటి సేసుకుంటారప్పా?" అనడిగింది. మాటలు చెప్పే అక్కని కాబట్టి నన్ను మాటలప్ప అంటుంది.

"ఏమీ చేసుకోరు. తుడిచేస్తారు."

"తుడిసేసి?"

"మళ్ళీ వస్తుంది. మళ్ళీ తుడుస్తారు."

"ఒడ్డోలకి ఏరే పనులు నేవేటి?"

లైనులో ఎవరో పకపకా నవ్వారు. ఇరవయ్యో కంబం కామమ్మ పిన్ని. పిల్లలు లేరు. అయినా ఒక్క పాఠమూ వదలదు. "నాను పుట్టింది ఒడ్డునే గుంటా. ఈ సముద్రం మీదకి పారొచ్చింది ఆ సీపురు ఒగ్గేద్దామనే!"

"సరే, నిన్నటి మాట చెప్పు ముత్యాలూ," అన్నాను.

"వెయిట్ అంటే వచ్చేవాళ్ళు వచ్చేవరకు ఉన్నచోటే ఉండటం." నేను చదివిన రాగంలోనే, నేను ఆగిన చోటే ఆగుతూ చెప్పింది.

"అయితే నాను సేత్తన్నది అదేనేటే," అంది కామమ్మ పిన్ని. ఆవిడ భర్త అప్పలసూరి బాబాయి రెక్కలు బాగుచేసే పని మీద దక్షిణపు కంబాల లైనుకు వెళ్ళాడు. రెండు తూర్పుగాలులు వచ్చి పోయాయి, ఇంకా తిరిగి రాలేదు.

పాఠం అయిపోయిందని చెప్పి, మాట్లాడేటప్పుడు నొక్కి పట్టే మీట వదిలేశాను.

లాగ్ 121. తూర్పుగాలి, జల్లులు.

తెల్లారి లైను తెరిచి ఉంటే పక్క కంబాల వాళ్ళు దొరసానికి బదులు చెప్పడం వినబడుతుంది. ఇవాళ దానయ్య "అయామ్ హియర్" అని చాలాసార్లు అన్నాడు. చివరికెప్పుడో "నోటెడ్" అంది.

పిలిచి అడిగాను.

"గొంతులో గెడ్డ లెగిసిందమ్మా," అన్నాడు. గొంతు గీరుకుపోతోంది. "గంజి కూడా దిగట్నేదు."

"మిరియాల కసాయం తాగు బావా," అంది కామమ్మ పిన్ని.

"అదీ దిగట్నేదు."

ఒడ్డు ఆఫీసులో మా లైను చూసేది తనూజ మేడమ్. ఆమెకు చెబితే వెంటనే ఆసుపత్రి పడవను పిలిపించమంది. దానయ్య "సెండ్ బోట్" అన్నాడు. "వాయిస్ నాట్ నోన్," అంది దొరసాని. అది పొద్దుట గుర్తుపట్టిన గొంతే. నీళ్ళు తాగి, దగ్గి, మళ్ళీ అన్నాడు. ఆవిడా మళ్ళీ అదే అంది.

"మీరే పంపించండి మేడమ్," అన్నాను.

"పడవ నడిపే మనిషి లేడు అసిరితల్లీ. అందులో ఉన్నదీ ఆవిడే. నా గొంతుకు కూడా కదలదు. ఏ కంబం పిలిస్తే ఆ కంబానికే పోతుంది."

"నేను నా కంబానికి పిలిచి, అటు మళ్ళిస్తే?"

"మళ్ళదు. తిన్నగా ఒడ్డుకే వస్తుంది."

ఇంకో మాట కూడా చెప్పింది. ఎరిగిన గొంతు వారం రోజులు వినబడకపోతే ఆ కంబం ఖాళీ అయిందని దొరసాని లెక్క కట్టేస్తుంది. దీపం ఆగుతుంది. నీళ్ళు ఆగుతాయి.

"ఒకటే దారి. ఆ పిల్ల గొంతును దొరసానికి ఎరుక చేయాలి. మామూలుగా పదేళ్ళు నిండాకే చేస్తాం. అవసరం కాబట్టి ఇప్పుడే పరీక్ష పెడతాను. మాటలన్నీ నేర్పించు."

ఈ పని నా చేతిలోనిదే అనుకున్నాను. భయం కొంచెం తగ్గింది.

లాగ్ 124. తూర్పుగాలి.

మూడు రోజులుగా పొద్దున ఒక పాఠం, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. ఉప్పు పళ్ళెం గీకలేదు. నీళ్ళు కొంచెం ఉప్పగా వస్తున్నాయి. పరవాలేదు.

ముత్యాలుకు అన్నీ వచ్చేశాయి. హెల్ప్, ఫైర్, లీక్, సిక్, డోర్, అలోన్. ఎక్కడ ఆపి అడిగినా తడుముకోవడం లేదు. మా ఇంట్లో నాకు ముందు ఎవరూ అక్షరం ముఖం చూడలేదు. ఒడ్డు బడిలో నేను రాత్రీ పగలూ బట్టీ పట్టిన రోజులు గుర్తొచ్చాయి. ఈ పిల్ల నాకన్నా గట్టిది.

"కళ్ళు మూసుకుంటే అచ్చం నువ్వే మాటాడినట్టుందే," అంది కామమ్మ పిన్ని.

నేను మురిసిపోయాను.

లాగ్ 125. తూర్పుగాలి హెచ్చింది.

తప్పింది.

తనూజ మేడమ్ నెమ్మదిగానే అడిగింది. "హెల్ప్ అంటే ఏమిటమ్మా?"

"హెల్ప్ అంటే ఒకరి వల్ల కాని పనిని ఇంకొకరు కలిసి చేయడం."

"ఫైర్ అంటే?"

"ఫైర్ అంటే ముట్టుకుంటే కాల్చేది, ఆర్పకపోతే పెరిగేది."

"అలోన్ అంటే?"

"అలోన్ అంటే పక్కన ఎవరూ లేకుండా ఉండటం."

మేడమ్ ప్రశ్న మార్చింది. "ఇప్పుడు నీ మాటల్లో చెప్పు తల్లీ."

ముత్యాలు అదే వాక్యం మళ్ళీ చెప్పింది, ఇంకొంచెం గట్టిగా. మేడమ్ ఇంకోసారి అడిగింది. పిల్ల ఇంకా గట్టిగా చెప్పింది. ఎక్కడ తప్పిందో దానికి తెలియలేదు.

"ఇవి మీ అప్ప మాటలమ్మా. నీవి కావు," అంది మేడమ్.

తర్వాత నాతో విడిగా మాట్లాడింది. ఉత్తరపు లైనులో ఒక పిల్లాడు ఇలాగే అప్పజెప్పి పరీక్ష గట్టెక్కాడట. ఒకరోజు వంటగదిలో పొగ లేచింది. వాడు దొరసాని ముందు నిలబడి ఫైర్ అనే మాటకు అర్థం మొత్తం తెలుగులో అప్పజెప్పాడు. ఫైర్ అని మాత్రం అనలేదు. చేయి కాలింది.

"నువ్వు బాగా రాస్తావు అసిరితల్లీ. మరీ బాగా రాస్తావు. పిల్లలు నీ వాక్యాలు మింగేస్తున్నారు, నమలడం లేదు. మిగతావి నేను సర్దుకుంటాను. అలోన్ ఒక్కటీ వదలలేను. ఆర్ యూ అలోన్ అని ఆవిడ అడిగినప్పుడు ఈ పిల్ల చెప్పే జవాబును బట్టే పడవలో చోటు పెడుతుంది. తెలియక యస్ అందంటే ఒకరికే చోటు. తండ్రి ఉండిపోతాడు. వచ్చే మంగళవారం ఆ ఒక్క మాటే అడుగుతాను. పిల్ల సొంతంగా చెప్పాలి."

ముత్యాలు లైను మీద ఎదురుచూస్తోంది.

"నానేటి తప్పు సెప్పేనప్పా?"

"ఏమీ తప్పు చెప్పలేదమ్మా," అన్నాను.

"మరేటి?"

ఒక్క మాటా పొల్లుపోకుండా చెప్పింది. అదే తప్పని ఆ పిల్లకు ఎలా చెప్పాలి?

లాగ్ 127. తూర్పుగాలి.

రెండు రోజుల నుంచి ఒకే మాట పట్టుకుని కూర్చున్నాం.

"నీ పక్కన ఎవరూ లేనప్పుడు నీకెలా ఉంటుంది ముత్యాలూ?"

"నా పక్కనెప్పుడూ ఎవులూ ఉండరు కదప్పా. నానూ, అయ్యా. అంతే. మామూలే కదా. మామూలుదానికి పేరెందుకు?"

"అయ్య రెక్కలు చూడటానికి పైకి ఎక్కినప్పుడు?"

"నువ్వుంటావు కదా లైన్లో."

"నేనూ లేకపోతే?"

"కామమ్మమ్మ ఉంటాది."

"ఉంటాను, ఉంటాను. నానెక్కడికి పోతాను," అంది కామమ్మ పిన్ని.

"దిగులుగా ఉంటుంది కదా," అని నేను నోరు జారాను.

"ఆ, అదే! అలోన్ అంటే దిగులుగా ఉండటం!" నా రాగం. నా ఆగుళ్ళు. "సరిపోనాదా అప్పా? సరిపోకపోతే సరైంది నువ్వే సెప్పీ. నానలాగే సెప్పేత్తాను."

నేనేం అడిగినా, అందులోంచి ఒక ముక్క తీసుకుని నాకే తిప్పి ఇస్తోంది. నాకు నచ్చాలనే ఆత్రం. నేనూ ఒడ్డు బడిలో అలాగే ఉండేదాన్ని. టీచరు కళ్ళు చూసి జవాబు చెప్పేదాన్ని.

కామమ్మ పిన్ని ఇక ఊరుకోలేదు. "నువ్వు నోరు ముయ్యవే తల్లీ! గుంటకి సందిత్తే కదా! అన్నం ముద్ద నువ్వే కలిపి, నువ్వే నమిలి నోట్లో పెట్టేత్తన్నావు. మరి దానికి పళ్ళెందుకు?"

కోపం వచ్చింది. మీట వదిలేసి ఉప్పు పళ్ళెం దగ్గరికి పోయాను. గీకుతూ ఉంటే కోపం పోయింది. ఆవిడ మాట పోలేదు.

ఇవాళ తెల్లారి పదిహేడో కంబం నుంచి జవాబు లేదు. "హూ ఈజ్ హియర్?" అని దొరసాని అడుగుతూనే ఉంది. దానయ్య ఏదో అనబోతున్న చప్పుడు, అంతే. ముత్యాలు "అయామ్ హియర్! అయామ్ హియర్!" అని అరిచింది. "వాయిస్ నాట్ నోన్."

లాగ్ 128. గాలి తగ్గింది.

పిల్ల కిందకు నీళ్ళు పట్టడానికి వెళ్ళినప్పుడు దానయ్యతో మాట్లాడాను. ఒకసారి తడితే సరే, రెండుసార్లు తడితే వద్దు అనుకున్నాం.

"దానయ్య మావా, రేపు పాఠంలో నేను మాట్లాడను. లైను మాత్రం తెరిచి ఉంచుతాను. ముత్యాలు పిలిచినా పలకను. ఆ మాట దానికది తెలియాలి. నా నోట్లోంచి వచ్చినంతసేపూ నాదే అవుతుంది. బెంగ పెట్టుకుంటుంది. చెయ్యమంటావా, వద్దా?"

చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత ఒక్క తట్టు.

"నిన్ను అడిగితే నువ్వూ ఏమీ సైగ చెయ్యకు మావా."

ఇంకో తట్టుకు ఇంకా ఎక్కువ సేపు పట్టింది.

కామమ్మ పిన్నికి చెప్పాను.

"నానా? నోరు ముయ్యాలా? పాఠమంతానా?"

"నువ్వే కదా పిన్నీ అన్నావు."

"నిన్ను ముయ్యమన్నాను గానీ నన్ను కాదే," అంది. తర్వాత తనే, "సర్లే. కొంగు కుక్కుకుంటాను," అంది.

లాగ్ 129. గాలి లేదు.

రాయడానికి చేయి రావడం లేదు. రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మీట వదిలితే లైను చచ్చిపోయి గరగర ఆగుతుంది. నేను లేను అనుకుంటుంది. అందుకని మీట నొక్కి పట్టుకుని నోరు మూసుకున్నాను.

"మాటలప్పా! ఈయేల మాటేటి?"

రెక్కలు కూడా తిరగడం లేదు. లైనులో గరగర తప్ప ఏమీ లేదు.

"అప్పా? ఇనబడతందా?"

"..."

"గరగరమంటంది. అంటే ఉన్నావు. ఏటి మాటాడవు?"

నా బొటనవేలు మీట మీద తెల్లబడిపోయింది.

"కామమ్మమ్మా! అప్పకేటయ్యింది? నువ్వూ మాటాడవా?"

ఎక్కడో ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఆవిడదే.

"నానేటైనా తప్పు సేసేనా? ఆ పరీక్ష తప్పేననా?"

కాదు అని చెప్పడానికి నాకు ఒక్క మాట చాలు. కంబాల పిల్లలకు నేను ఇప్పటికి ఎన్ని మాటలు నేర్పానో! పైట కొంగు పళ్ళ మధ్య బిగించాను.

తర్వాత పిల్ల పిలవడం మానేసింది. మాట్లాడటం మానలేదు. అయ్యకు గంజి గుడ్డతో పిండి పోస్తే కొంచెం దిగిందట. ఒక పిట్ట వచ్చి రెక్క మీద వాలిందట, గాలి లేదు కాబట్టి రెక్క కదలక అది భయపడలేదట. దాని కాళ్ళు ఎర్రగా ఉన్నాయట. నేర్పిన వాక్యం ఒక్కటీ లేదు. ఆ రాగమూ లేదు. మొదటిసారి ముత్యాలు గొంతు విన్నట్టు అనిపించింది. కొంచెం బొంగురుగా, వాక్యం చివర పైకి లేస్తూ ఉంది.

చివరికి అదీ ఆగింది. లైను మాత్రం వదల్లేదు. అటు ఆ పిల్ల, ఇటు నేను. మధ్యలో గరగర. దీపాల వేళ అయ్యేదాకా అలాగే ఉన్నాం. ముందు తనే వదిలింది.

లాగ్ 132. పడమటిగాలి మొదలు.

మధ్యలో రెండు రోజులు పాఠాలు పెట్టలేదు. ముత్యాలు కూడా పిలవలేదు. తెల్లారి దొరసాని ప్రశ్న, తండ్రి గురక లాంటి చప్పుడు, అంతే వినబడేవి.

ఇవాళ మంగళవారం. తనూజ మేడమ్ అడిగింది. "ముత్యాలూ, అలోన్ అంటే ఏమిటి?"

పిల్ల వెంటనే చెప్పలేదు. ఇదివరకు ఎప్పుడూ ఇంతసేపు ఆగలేదు.

"పిలుత్తాం," అంది. "అవతలోలు ఇంటన్నారని మనకి తెలుసు. అయినా పలకరు. అదీ."

"పక్కన మీ నాన్న ఉన్నాడు కదా? మీ అప్ప లైనులో ఉంది కదా?"

"ఉన్నారు. అయ్య ఉన్నాడు, అయ్య నోరు రాదు. అప్ప ఉంది, అప్ప నోరు ముయ్యీసుకుంది. అందరూ ఉన్నారు. నానొక్కద్దాన్నే మాటాడతన్నాను. అదే అలోన్ అంటే."

"మరి ఆర్ యూ అలోన్ అని దొరసాని అడిగితే ఏం చెబుతావు?"

"ఇప్పుడా? నో అంటాను. అయ్య ఉన్నాడు కదా. పడవలో ఇద్దరికి సోటు కావాల."

"అది వేరు, ఇది వేరు అంటావా?"

"ఏరే. దొరసాని మడుసుల్ని లెక్కెట్టుకుంటాది. అంతే. దానికి అంతే తెలుసు."

మేడమ్ నవ్విందో, గొంతు సవరించుకుందో తెలియలేదు. "సరే తల్లీ. నీ గొంతు ఎరుక చేస్తున్నాను," అంది.

వెనక దానయ్య తడుతున్నాడు. ఒకటి, ఒకటి, ఒకటి. ఆపడం లేదు.

"సెండ్ బోట్!" అంది ముత్యాలు. తన రాగంలోనే.

"బోట్ కమింగ్," అంది దొరసాని.

నేను లైను వదిలి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఒడ్డు బడిలో చేరిన మొదటి ఏడాది తరగతి నిండా పిల్లలుండేవాళ్ళు. నా బల్ల మీద కూడా ఇద్దరు. సముద్రం పిల్ల, చేపల కంపు అని ఎవరూ నాతో మాట్లాడేవాళ్ళు కాదు. ఆ మాట అర్థం నాకు అప్పటి నుంచీ తెలుసు. అయినా అది రాయలేదు. ఒడ్డు పుస్తకంలో ఉన్నదే రాశాను, పక్కన ఎవరూ లేకుండా ఉండటం అని. పక్కన ఎవరూ లేని ఈ కంబంలో కూర్చుని రాశాను.

లాగ్ 134. పడమటిగాలి.

పడవ వచ్చింది. ఎక్కేముందు ముత్యాలు పిలిచింది.

"అప్పా, ఎల్లొత్తాం."

"నామీద కోపం ఉందా?" అనడిగాను. బడి భాష ఎటో పోయింది. "నిజం సెప్పు."

"ఉంది," అంది. "బోల్డుంది. ఆ పొద్దంతా ఏడిసేను. నీకు ఇనబడకుండా."

"తప్పేనమ్మా."

"కానీ ఊపిరి తీసుకుంటన్నావు కదా. ఇనబడింది. అందుకే సీకటడేదాకా లైను ఒగ్గలేదు. ఒగ్గీసుంటే నువ్వు ఒక్కద్దానివీ అయిపోతావని."

మీట ఇంకా గట్టిగా నొక్కాను.

"ఒడ్డున డస్ట్ ఉంటాది కదా. సూసొచ్చి సెప్తాను. నువ్వు రాసింది సరో కాదో," అంది.

తర్వాత దొరసానితో ఏదో అంది. పడవ చప్పుడులో వినబడలేదు.

లాగ్ 135. పడమటిగాలి.

తనూజ మేడమ్ కబురు చెప్పింది. దానయ్య గొంతులో గడ్డ కోసి చీము తీశారట. బతుకుతాడు. గొంతు తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది. రాకపోవచ్చు కూడా. అప్పటిదాకా ఇద్దరూ ఒడ్డునే ఉంటారు. ముత్యాలును బడిలో చేరుస్తారట.

మంచి మాటే. మంచి మాటేనని నాకు నేను చెప్పుకున్నాను.

పొద్దు వాలుతుంటే కిటికీకి తెర వేసేశాను. మనుషులు పడవెక్కి వెళ్ళిపోయారని తెలిస్తే దొరసాని వారం ఆగదు, మర్నాడే కంబం ఆరిపోతుంది. పదమూడు అలాగే ఆరింది. పంతొమ్మిదీ అంతే. ఆరిన చోటు చూడాలని లేదు. గంజి కాచుకున్నాను. తాగాలనిపించలేదు. గిన్నె కడిగి, చివరికి తెర తీశాను.

పదిహేడు వెలుగుతోంది.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. అక్కడే ఉంది, ఎప్పటి చుక్కే.

మేడమ్‌ని పిలిచాను. "పదిహేడులో ఎవరైనా ఉండిపోయారా?"

ఆవిడ చూసి చెప్పింది. "ఎవరూ లేరు. ఎక్కేముందు ఆ పిల్ల ఒక మాట చెప్పి వెళ్ళింది. వెయిట్ అని. ఎరిగిన గొంతు కదా, దొరసాని ఆగింది. ఆ పిల్ల తిరిగొచ్చేదాకా దీపం ఆర్పదు." తర్వాత, "ఆ మాట దొరసానికి చెప్పొచ్చని నీ పాఠంలో ఉందా?" అనడిగింది.

"లేదు మేడమ్."

"నా దగ్గర కూడా లేదు," అంది.

లాగ్ 136. పడమటిగాలి.

"హూ ఈజ్ హియర్?"

"అయామ్ హియర్."

"ఆర్ యూ అలోన్?"

"యస్," అన్నాను. నో అంటే ఇద్దరి నీళ్ళు వదులుతుంది. మనుషుల్ని లెక్కపెట్టుకుంటుంది, దానికి అంతే తెలుసు.

ఉప్పు పళ్ళెం గీకాను. మాటలు రాసే కాగితాలు ముందేసుకుని అలోన్ దగ్గర నా వాక్యం కొట్టేశాను. ముత్యాలు చెప్పింది రాయబోయి ఆగాను. రాస్తే రేపు ఇంకో పిల్ల దాన్ని బట్టీ పడుతుంది. మాట కింద చోటు ఖాళీగా వదిలేశాను. తర్వాత మొదటి మాట నుంచి మొదలుపెట్టి ప్రతి మాట కిందా ఒక గీత చోటు వదులుతూ తిరగరాస్తున్నాను. చాలా రోజులు పట్టే పని.

సాయంత్రం పాఠం వేళకు వచ్చి మీట నొక్కాను. పిల్లలెవరూ లైనులో లేరు. ఏం చెప్పాలో, ఎవరికి చెప్పాలో తెలియక అలాగే నొక్కి పట్టుకుని కూర్చున్నాను.

"ఎవులే అది?" అని గరగరలోంచి వినబడింది. "ఊపిరి తీత్తన్నారు, మాటాడరు. మాటలప్పవేటి?"

"నేనే పిన్నీ."

"నోరు మూసుకోడం బాగా అలవాటైపోనాది నీకు. పాఠం నేదా?"

"ఎవరికి చెప్పను?"

"నాను మడిసిని కాదేటి? ఓ మాట సెప్పు. పొద్దుపోవాల కదా."

పడమటి కిటికీలో చుక్క అప్పుడే వెలిగింది.

"వెయిట్," అన్నాను. "అర్థం నేను చెప్పను పిన్నీ. నువ్వే సెప్పు."

ఏదో ఒక ఎకసెక్కం వస్తుందని చూశాను. రాలేదు. అప్పలసూరి బాబాయి వెళ్ళిన దక్షిణపు లైనులో ఏ దీపమూ ఆవిడ కిటికీకి అందదు.

నేను మాట్లాడలేదు. మీట వదల్లేదు. గరగరలో ఆవిడ ఊపిరి వినబడుతోంది.